అమ్మని క్లినికల్ ట్రయల్‌లో చేర్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

నరసన్నపేట_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మకి 58 ఏళ్ళు, అంగిలి మీద క్యాన్సర్. మా వైపు ఆడవాళ్ళ అలవాటు తెలిసిందే కదా, చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, అడ్డపొగ అంటారు, ఎంత మొత్తుకున్నా మానలేదు. నిరుడు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి, అన్నీ ఆరోగ్యశ్రీ కార్డు మీదే. ఇప్పుడు మెడ దగ్గర మళ్ళీ గడ్డ వచ్చింది, ఈసారి ఆపరేషన్‌కి వీలుపడదన్నారు.

విశాఖలో చూపిస్తున్న ఆసుపత్రిలో డాక్టరు గారు కీమో సంగతి చెప్పి, ఇక్కడ ఒక ట్రయల్ నడుస్తోంది, ఇష్టమైతే చేరండి అన్నారు. తర్వాత ఒకమ్మాయి పక్కగదిలో కూర్చోబెట్టి పేపర్ల కట్ట చేతిలో పెట్టింది. సగం మందికి మామూలు కీమో, మిగతా సగానికి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేదట) తక్కువ డోసులో ఇస్తారట, ఎవరికి ఏదనేది కంప్యూటర్ తేలుస్తుందట. ఇంట్లో రోజూ గొడవే. మామయ్యేమో మీ అమ్మ మీద ప్రయోగాలు చేయిస్తావా అంటాడు, అన్నయ్యేమో ఫ్రీగా ఖరీదైన మందు వస్తుంటే వద్దంటావేంట్రా అంటాడు. ట్రయల్‌లో చేరితే కార్డు పనిచేయకుండా పోతుందా? కొత్త మందు రాని గ్రూపులో పడితే అమ్మకి నష్టమా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

పింక్_ఫైల్:

తమ్ముడూ, నేను క్యాన్సర్ ఆసుపత్రిలోనే (మీది కాదు) స్టడీ కోఆర్డినేటర్‌ని, మీకు పేపర్లిచ్చిన అమ్మాయి చేసే పనే నాదీ. ముందు ఆ కట్ట తెలుగులోనే ఉందా? లేకపోతే తెలుగుది అడిగి తీసుకోండి, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిందే. ఆ తెలుగు చదివితే రిజిస్ట్రేషన్ దస్తావేజులా ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ చివరి పేజీలు వదలొద్దు, అసలు విషయం అక్కడే ఉంటుంది. డాక్టరు నంబరూ, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగులకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) నంబరూ అక్కడే ఉంటాయి. అమ్మకి చదువు రాకపోతే, ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండగా మొత్తం చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించుకోవాలి. సంతకాలయ్యాక ఒక కాపీ మీకివ్వాలి.

గ్రూపు సంగతి. కంప్యూటర్ లాటరీలో డాక్టరు చెయ్యి ఉండదు, మీరు ఎంత బతిమాలినా మార్చలేరు. కొత్త మందు రానివాళ్ళకి ఏమీ ఇవ్వకుండా వదిలేస్తారనుకోవద్దు, ట్రయల్ లేకపోయినా అమ్మకి ఏ కీమో ఇచ్చేవారో మామూలుగా అదే ఇస్తారు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే: "మేం చేరకపోతే ఏం ఇస్తారు, చేరితే ఆ గ్రూపులో ఏం ఇస్తారు, రెండూ ఒకటేనా?" జవాబు తిన్నగా రాకపోతే ఆలోచించండి.

డబ్బు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పరీక్షిస్తున్న మందు ఫ్రీ. దాని కోసం అదనంగా చేసే స్కాన్లు, రక్తపరీక్షలు కూడా మామూలుగా ఫ్రీయే. కానీ ఎలాగూ ఇవ్వాల్సిన కీమో ఖర్చు ఎవరిదన్నది ఒక్కో ట్రయల్‌లో ఒక్కోలా ఉంటుంది. కంపెనీ నడిపేదైతే ఒక లెక్క, డాక్టర్లే నడిపేదైతే ఆ భాగం కార్డు మీదే వెళ్ళొచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ (అందరం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాంలెండి) కౌంటర్లో ఒకసారి, కోఆర్డినేటర్ దగ్గర ఒకసారి అడగండి, ఇద్దరి మాటా కలవాలి. ప్రయాణం ఖర్చు ఇస్తారో లేదో కూడా పేపర్లలో ఉంటుంది.

ఇంకోటి, సంతకం పెట్టినంత మాత్రాన చేరినట్టు కాదు. లివర్, కిడ్నీ, రక్తం, స్కాన్ అన్నీ చూసి సరిపోతేనే తీసుకుంటారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈలోపు కీమో ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో ముందే అడగండి. గడ్డ మనకోసం ఆగదు.

ఖమ్మం_మిర్చి:

అక్కా, మీరు చెప్పిందంతా కాగితం మీద బాగుంటది. మా ఖమ్మం వాళ్ళని అడగండి. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అని ఆడపిల్లలకి వేసిన్రు, హాస్టళ్ళల్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన్రు. గుజరాత్‌ల వడోదరలో కూడా నడిచింది. 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు. టీకా వేసినంక చనిపోయిన పిల్లల విషయంల టీకాకి సంబంధం లేకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది, ఆ టీకా మంచిదే, నేను దాన్ని అనట్లే. ఆ సంతకాల తీరునే అంటున్న. 2013ల పార్లమెంటు కమిటీ కూడా గట్టిగనే తప్పుబట్టింది. 2011ల పిడుగురాళ్ళ ఆడవాళ్ళని డబ్బులిస్తమని హైదరాబాద్ తోల్కపోయి క్యాన్సర్ మందు మింగించిన సంగతి పేపర్ల నిండా వచ్చింది, మర్చిపోయిన్రా? పేదోళ్ళయితే చాలు. తమ్మీ, మీ మామ భయం ఊరికే పుట్టలేదు.

పింక్_ఫైల్:

ఊరికే పుట్టలేదు, నిజమే. ఆ గొడవల వల్లే, 2013లో సుప్రీంకోర్టు గట్టిగా అడగడం వల్లే ఇవాళ ఈ రూల్స్ ఉన్నాయి. 2019లో వచ్చిన రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల మనిషికి ఏదైనా అయితే వైద్యం ఫ్రీగా చేయాలి, దానివల్లే ప్రాణం పోతే నష్టపరిహారం ఇవ్వాలి, 8 లక్షలు బేస్‌గా వయసు, జబ్బు తీవ్రత చూసి లెక్క కడతారు. పెద్ద సమస్య ఏదొచ్చినా డాక్టరు 24 గంటల్లో పైకి రిపోర్ట్ చేయాలి. ఎథిక్స్ కమిటీలో కనీసం సగం మంది బయటివాళ్ళుండాలి. రూల్ ఉంటే అమలవుతుందా అంటే, అది అడిగేవాళ్ళుంటేనే. అందుకే తమ్ముణ్ణి అడగమంటున్నా.

ప్రకృతి_మార్గం:

ఇవన్నీ ఎందుకండీ, లక్ష్మణఫలం ఆకుల కషాయం నలభై రోజులు తాగించండి, కీమో కన్నా పదివేల రెట్లు పవర్. వాట్సాప్‌లో డాక్టరు గారి వీడియో ఉంది, కావాలంటే పంపిస్తా.

ఖమ్మం_మిర్చి:

నేను ట్రయల్స్‌ని నమ్మకపోయినా నిన్ను అసలే నమ్మను బాబూ.

మందుల_షాపు:

ఫార్మసిస్టుని. తక్కువ డోసు ఇమ్యునోథెరపీ అనగానే ఒకటి గుర్తొచ్చింది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు తల, మెడ క్యాన్సర్ ముదిరిపోయిన 151 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. నివోలుమాబ్ అనే మందు మామూలుగా రెండు వారాలకి 240 మిల్లీగ్రాములు ఇస్తారు, నెల తిరిగేసరికి లక్షల్లో బిల్లు. వాళ్ళు మూడు వారాలకి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు, కీమో మాత్రలకి జతగా. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు మాత్రలు మాత్రమే వాడిన గ్రూపులో 16 శాతం, ఇది కలిపిన గ్రూపులో 43 శాతం. ఒక్క ఆసుపత్రిలో జరిగింది, సంఖ్య చిన్నది, అయినా తీసిపారేసేది కాదు. ఇలాంటి చవక చికిత్సల మీద కంపెనీలు డబ్బు పెట్టవు, ఇరవై మిల్లీగ్రాములు అమ్మితే వాళ్ళకేం మిగులుతుంది? మన ఆసుపత్రులే చేసుకోవాలి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు గడ్డ చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు 86 నుంచి 90 శాతానికి పెరిగారని తేల్చిందీ మన దేశంలోనే, 11 సెంటర్లలో. ఆ ఇంజెక్షన్ ఖరీదు వంద రూపాయల లోపే.

కానీ ఒక మెలిక ఉంది బాబూ. తక్కువ డోసు పనిచేస్తుందని ఇప్పటికే తెలిశాక, మీ ట్రయల్‌లో సగం మందికి అది ఇవ్వకుండా ఉత్త కీమో ఎందుకు? కీమో వేరే రకమేమో, సరైన జవాబే ఉండొచ్చు. అడిగి మరీ రండి. చేరకుండా విడిగా ఆ 20 మిల్లీగ్రాములు కొనుక్కుంటే ఎంతవుతుందో కూడా కనుక్కోండి.

తెనాలి_కోడలు:

మా అత్తగారు రొమ్ము క్యాన్సర్ ట్రయల్‌లో ఉన్నారు. కొత్త మందు గ్రూపు రాలేదు, ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత చూస్తే ఆవిడకి జరిగిన మేలు వేరే రకంగా ఉంది, జ్వరమొస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంది, వెళ్ళే రోజు తప్పితే వాళ్ళే ఫోన్ చేసి అడుగుతారు. మామూలు ఓపీలో ఎవరడుగుతారండీ?

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి నీరసమని ఇంజెక్షన్ వేయించుకోవడం మనకి అలవాటు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇమ్యునోథెరపీ మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందట. వాళ్ళిచ్చే ట్రయల్ కార్డు ఎప్పుడూ సంచిలోనే ఉంచండి, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు అది చూపించండి. పసరు, పొడులు ఏవి వాడినా దాచొద్దు.

నరసన్నపేట_కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. ప్రింట్ తీసుకుని వెళ్ళి అన్నీ అడిగాను, ఆ అమ్మాయి కాసేపు నా మొహం చూసింది. ట్రయల్ నంబరు కూడా ఇచ్చింది, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ సైట్‌లో కొడితే వచ్చింది, ఏయే ఊళ్ళలో నడుస్తోందో ఉంది. కీమో కార్డు మీద, కొత్త మందూ దాని పరీక్షలూ వాళ్ళవి. మందుల_షాపు గారి ప్రశ్నకి డాక్టరు గారే కూర్చుని జవాబిచ్చారు: టాటా వాళ్ళు వాడింది మాత్రలు, ఇక్కడ సెలైన్‌లో ఎక్కించే కీమో, దాంతో కలిపితే అదనంగా లాభముందో లేదో ఇంకా తెలియదు అన్నారు. విడిగా కొనుక్కుంటామంటే అభ్యంతరం లేదన్నారు గానీ, ఆ లెక్క మాకు అందదు.

అమ్మని అడిగాను. మధ్యలో వద్దంటే మానేయొచ్చా అని అడిగింది, ఎప్పుడైనా మానేయొచ్చు, వైద్యం ఆపరు అన్నాను. అయితే పెట్టేద్దాం అంది. సోమవారం రక్తపరీక్షలు. మామయ్యే సాక్షిగా వస్తానంటున్నాడు, ఇంటి మనిషి పనికొస్తాడా అక్కా?

పింక్_ఫైల్:

సాక్షిగా ఇంటి మనిషి కంటే మీతోనూ, ఆసుపత్రితోనూ సంబంధం లేనివాళ్ళుంటే మేలు. కానీ తప్పకుండా తీసుకురండి, ప్రశ్నలన్నీ ఆయన చేతే అడిగించండి. పరగడుపున రావాలో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి, పాత స్కాన్ సీడీలు, ఆపరేషన్ బయాప్సీ రిపోర్టు మర్చిపోవద్దు. కార్డు జిరాక్స్ ఇస్తే చాలు, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.