వెనుక షాక్ అబ్జార్బర్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం నుండి)

అందరికీ నమస్కారం. మాది 2013 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్ని నెలలుగా స్పీడ్ బ్రేకర్ దాటాక కారు వెనుక భాగం రెండు మూడు సార్లు ఊగితే గానీ కుదుటపడడం లేదు. వెనుక సీటులో కూర్చునే మా అమ్మకు నడుము నొప్పి ఉండడంతో ఈ ఊపు ఆవిడకు బాగా ఇబ్బందిగా ఉంది. నిన్న టార్చి వేసి చూస్తే, కుడివైపు షాక్ అబ్జార్బర్ మీద పైనుండి కింది దాకా నూనె కారి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి మడ్డిలా పేరుకుని ఉంది. ఎడమవైపు దాని మీద పైభాగంలో కొద్దిపాటి చెమ్మ మాత్రమే కనిపించింది.

వెనుక ఇరుసు టోర్షన్ బీమ్ రకం, అంటే రెండు చక్రాలనూ ఒకే అడ్డ దూలం కలుపుతుంది. స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బర్ వేరుగా ఉన్నాయి. పై నట్టు డిక్కీలో చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉంది. ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు మార్చుకున్న అనుభవం నాకుంది కానీ ఈ పని ఎన్నడూ చేయలేదు. పాడైనది ఒక్కటే మారిస్తే సరిపోతుందా? విప్పినప్పుడు స్ప్రింగు ఎగిరి మీద పడే ప్రమాదం ఉందా? కారుతో వచ్చిన జాకీ చాలుతుందా?

జవాబు (గుంటూరు నుండి)

నమస్కారమండీ. రెండూ కలిపే మార్చండి. ఎడమవైపు కనిపించిన చెమ్మ మామూలే. షాక్ అబ్జార్బర్ లోపలి రాడ్డు కదిలినప్పుడల్లా, నూనెను ఆపే సీలు దాటి సన్నని నూనె పొర బయటకు రావడం సహజం, అది లోపం కాదు. అయినా ఒకవైపు కొత్తది, ఇంకొకవైపు 92,000 కిలోమీటర్లు తిరిగినది ఉంటే రెండు చక్రాలూ గతుకు మీద ఒకేలా స్పందించవు, వేగంగా వెళ్తూ బ్రేకు వేసినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

స్ప్రింగు గురించి మీ భయం ముందు చక్రాల విషయంలో న్యాయమైనదే. అక్కడ స్ప్రింగు స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండే భాగం) మీదే నొక్కి బిగించి ఉంటుంది కనుక, దాన్ని అదిమిపట్టే పరికరం లేకుండా పై నట్టు విప్పడం ప్రాణాంతకం. మీ కారు వెనుక భాగంలో రెండూ వేరు కాబట్టి ఆ పరికరం అవసరం లేదు. కానీ ఇరుసు మరీ కిందికి జారిపోకుండా ఆపుతున్నది ఆ షాక్ అబ్జార్బరే అన్న సంగతి చాలామందికి తెలియదు. రెండువైపులా ఒకేసారి విప్పితే ఇరుసు ఒక్కసారిగా వేలాడిపోయి, స్ప్రింగు తన గిన్నెలోంచి జారడమే కాక, ఆ బరువంతా బ్రేకు గొట్టం మీదా ఏబీఎస్ తీగ మీదా పడుతుంది. అందుచేత విప్పబోయే వైపు ఇరుసు కింద మరొక జాకీ ఆనించి కొద్దిగా పైకి లేపి ఉంచండి. ఒకవైపు కొత్తది ఎక్కించిన తరువాతే రెండోవైపు ముట్టుకోండి.

కారుతో ఇచ్చిన జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే గానీ దాని మీద కారు నిలబెట్టి కింద చేతులు పెట్టడానికి కాదు. రెండు జాక్ స్టాండ్లు (ఎత్తిన కారును నిలబెట్టే ఇనుప ఆధారాలు) తప్పనిసరి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఎన్నడూ వాడకండి, అవి హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి. ఇంకొక మాట: హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, అవి రెండూ గాలిలో ఉన్నప్పుడు దాని వల్ల ప్రయోజనం శూన్యం. కారు మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు అడ్డు పెట్టండి.

జవాబు (కాకినాడ నుండి)

మీరూ సముద్రం పక్కవారే కనుక తుప్పు సంగతి చెప్పాలి. నా కారుకు కింది బోల్టు ఊడదీయడానికే పూట పట్టింది. ముందు రోజు రాత్రే ఆ బోల్టు మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి, మరునాడు ఉదయం మరోసారి కొట్టండి. చిన్న పానాతో పట్టుపట్టకుండా పొడవాటి పిడి ఉన్న సాకెట్టు వాడితే బోల్టు తల అరిగిపోదు.

పై నట్టు తిప్పుతుంటే లోపలి రాడ్డు కూడా దానితోపాటు తిరుగుతుంది. రాడ్డు కొనకు రెండు పక్కలా చదును చేసి ఉంటుంది. అక్కడ చిన్న పానాతో పట్టుకుని, నట్టును రింగు పానాతో తిప్పాలి. నేను ఆ ఓపిక లేక కొత్తదాన్ని బిగించేటప్పుడు మెరిసే రాడ్డునే పట్టకారుతో పట్టుకున్నాను. దాని మీద పడిన గీత వెంట్రుక మందమే. కానీ కదిలినప్పుడల్లా ఆ గీత సీలును కోసుకుంటూ పోయి, మూడు నెలల్లో కొత్త షాక్ అబ్జార్బర్ కారడం మొదలుపెట్టింది.

జవాబు (విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని)

పైన ఇద్దరూ చెప్పినది సరైనదే. మా దగ్గరకు వచ్చే కార్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు మాత్రం వేరు. చక్రాలు వేలాడుతుండగానే కింది బోల్టును పూర్తిగా బిగించేస్తారు. షాక్ అబ్జార్బర్ కింది కొసన బోల్టు దూరే కంటిలో ఉన్న రబ్బరు బుష్షు మధ్య గొట్టాన్ని బోల్టు గట్టిగా పట్టేస్తుంది. ఆ తరువాత కారు కిందికి దించగానే ఇరుసు పైకి జరుగుతుంది, రబ్బరు మెలి తిరిగి, కారు నిలబడి ఉన్నంత సేపూ ఆ మెలికతోనే ఉంటుంది. కొద్ది నెలల్లో అది చిరిగి శబ్దం మొదలవుతుంది, అప్పుడు అందరూ కంపెనీ సరుకును తిడతారు. కాబట్టి బోల్టును చేతితో పట్టేంత వరకే తిప్పి వదిలేయండి. కారు చక్రాల మీదికి దించి, వెనుక భాగాన్ని రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (ఎంత బలంతో బిగించాలనే కొలత) ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించండి.

కొత్తవి పెట్టెలో పడుకోబెట్టి ఉంటాయి కనుక లోపల నూనెలోకి గాలి చేరుతుంది. రాడ్డును నొక్కి ఉంచే కట్టు కోసిన తరువాత నిలువుగా పట్టుకుని, నాలుగైదు సార్లు నెమ్మదిగా పూర్తిగా నొక్కి, పూర్తిగా సాగనిచ్చి, ఆ తరువాతే బిగించండి. అలా చేయకపోతే మొదట్లో కొంత దూరం ఖాళీగా కదిలినట్టు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పని పూర్తయింది. కుడివైపుకు రెండున్నర గంటలు పడితే ఎడమవైపుకు నలభై నిమిషాలే పట్టింది. పాత కుడివైపు దాన్ని నొక్కితే అలాగే ఉండిపోయింది, అందులో ప్రతిఘటన అన్నదే లేదు. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ దాటగానే కారు ఒక్కసారికే నిలుస్తోంది. కానీ చిన్న గుంటల మీద ఎడమవైపు పైనుండి టక్కుటక్కుమనే శబ్దం వస్తోంది. పై నట్టును మరోసారి చూశాను, అది బిగువుగానే ఉంది.

జవాబు (విజయవాడ మెకానిక్)

డిక్కీలో మూత తీసి, నట్టు కింద ఉన్న గిన్నె ఆకారపు వాషరు ఎటు తిరిగి ఉందో కుడివైపు దానితో పోల్చి చూడండి. గిన్నె నోరు రబ్బరు వైపు ఉండాలి. తిరగబడితే నట్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది గానీ రబ్బరు మీద నొక్కిడి సరిగా పడదు. దాన్ని సరిచేయడానికి కారు ఎత్తనవసరం లేదు, చక్రాల మీదే నిలిపి, రాడ్డు కొనను పానాతో పట్టుకుని నట్టు విప్పండి. విప్పగానే రాడ్డు కిందికి జారే అవకాశం ఉంది కనుక, చక్రం పక్కనుండి చేయి పెట్టి దాన్ని పైకి పట్టుకోవడానికి ఇంకొకరిని దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు (విశాఖపట్నం)

వాషరు తిరగబడే ఉందండీ. మా తమ్ముడు రాడ్డు పట్టుకుంటే నేను సరిచేశాను. ఇప్పుడు శబ్దం లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక కింది బోల్టులు మరోసారి టార్క్ రెంచ్‌తో చూస్తాను.