ఏడేళ్లుగా కంపెనీ లీగల్‌లో ఉన్నా, హెడ్ పోస్టు బయటివాళ్లకు ఇచ్చారు. మీరైతే ఏం చేశారు?

గచ్చిబౌలి_లాయర్:
అందరికీ నమస్తే. హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర రెండేళ్లు జూనియర్‌గా చేసి, 2018లో ఒక ఐటీ సర్వీసుల కంపెనీ లీగల్ టీమ్‌లో చేరాను. ఎన్‌డీఏలు (రహస్యాలు బయటపెట్టకూడదనే ఒప్పందాలు), క్లయింట్ కాంట్రాక్టులు, వెండర్ అగ్రిమెంట్లు, ఎప్పుడో ఒక లేబర్ కేసు, ఇదే పని. మొన్న మా హెడ్ మానేస్తే ఆ పోస్టు నాకే వస్తుందనుకున్నాను, కానీ నాకన్నా రెండేళ్లు తక్కువ అనుభవం ఉన్నతన్ని బయటి నుంచి తెచ్చారు. అడిగితే "మీ డ్రాఫ్టింగ్ బాగుంటుంది, కానీ మీకు బిజినెస్ తెలియదు" అన్నారు. క్వార్టర్ ఎండింగ్ వస్తే రాత్రి పదకొండింటికి కూడా సేల్స్ వాళ్ల ఫోన్లు ఎత్తింది నేనే. చాలా బాధగా ఉంది. ఎల్‌ఎల్‌ఎం చేయాలా, సీఎస్ (కంపెనీ సెక్రటరీ కోర్సు) చేయాలా, మళ్లీ కోర్టుకే వెళ్లిపోవాలా? ఈ దశ దాటినవాళ్లు చెప్పండి.

ఫార్మా_లీగల్_అక్క:
తమ్ముడూ, ఆ మాట నాకూ చెప్పారు, అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. ఫార్మాలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. వచ్చిన కాంట్రాక్టు వచ్చినట్టు దిద్ది పంపుతూ ఎన్నాళ్లున్నా మనల్ని దిద్దేవాళ్లుగానే చూస్తారు. నేను చేసింది ఏమిటంటే, రెండేళ్ల పాత ఫైళ్లు తీసి ఏ క్లాజు దగ్గర ఎన్ని రోజులు ఆగిపోతున్నామో రాసుకున్నాను. చాలావాటిలో లయబిలిటీ పరిమితి (నష్టమొస్తే గరిష్ఠంగా ఎంత కట్టాలి), సరుకు తిరస్కరణ, ఈ రెండింటి దగ్గరే ఆగుతున్నాయి. ప్లాంటుకు వెళ్లి బ్యాచ్ ఎందుకు తిరస్కరిస్తారో, మళ్లీ పరీక్ష ఎవరు చేస్తారో క్వాలిటీ వాళ్ల పక్కన కూర్చుని తెలుసుకున్నాక, ఎక్కడిదాకా ఒప్పుకోవచ్చు, ఎక్కడ దాటితే నా దగ్గరికి రావాలి అని ఒక పేజీ రాసి సేల్స్ వాళ్లకిచ్చాను. చిన్న ఒప్పందాలు వాళ్లే ముగించుకోవడం మొదలుపెట్టారు.

ఇంకొకటి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది కదా. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే సెక్షన్ వచ్చాక, గడువు దాటిన బకాయిని అది కట్టిన సంవత్సరంలోనే పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవాలి. 2024 మార్చి ముగియకముందే మా సప్లయర్లలో ఎవరెవరు దీని కిందికి వస్తారో జాబితా చేసి సీఎఫ్‌ఓ (ఆర్థిక విభాగం హెడ్) గారికి ఇచ్చాను. ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను. ఆ తర్వాత నుంచి ధర మాట్లాడే మీటింగులకు కూడా పిలుస్తున్నారు, ప్రమోషన్ మరుసటి ఏడాది వచ్చింది.

సీఎస్_ప్లస్_లా:
సీఎస్ గురించి అడిగారు కాబట్టి. లిస్టెడ్ కంపెనీలకే కాదు, చెల్లించిన మూలధనం 10 కోట్లు, అంతకు మించి ఉన్న ప్రైవేటు కంపెనీలకు కూడా కంపెనీ సెక్రటరీ తప్పనిసరి, అంటే చట్టమే సృష్టించిన పోస్టు అది. బోర్డు మీటింగులో కూర్చుంటే డైరెక్టర్లు దేనికి భయపడతారో తెలుస్తుంది, లీగల్ హెడ్ కావడానికి నాకు అదే పనికొచ్చింది. కానీ ఉద్యోగం చేస్తూ ఆ పరీక్షలు రాయడం మామూలు కష్టం కాదు, మీటింగుల మినిట్స్ రాయడం, ప్రభుత్వానికి ఫైలింగులు చేయడం మీద ఇష్టం లేకపోతే వద్దు. ప్రమోషన్ కోసం ఎల్‌ఎల్‌ఎం అయితే నేను సలహా ఇవ్వను.

నాంపల్లి_వకీలు:
అన్నా, కోర్టుకు తిరిగి రావడం తప్పేం కాదు గానీ లెక్క చూసుకుని రండి. బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం పూర్తికాల జీతానికి చేరితే తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి, మీరు సనద్ (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెండ్ చేయించుకునే ఉంటారు. ఆ ఏడేళ్లు ప్రాక్టీసు కిందికి రావు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఆలోచన ఉంటే మీ రెండేళ్లు సరిపోవు. కంపెనీలోనే ఉంటే ఇంకో సంగతి. లాయరుకు, క్లయింటుకు మధ్య మాటలకు ఉండే పూర్తి రక్షణ కంపెనీ ఉద్యోగి అయిన లాయరుకు వర్తించదని అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈమెయిల్‌లో ఏం రాస్తున్నారో చూసుకోండి, సున్నితమైన విషయమైతే బయటి అడ్వకేటుతో ఒపీనియన్ ఇప్పించండి.

బెజవాడ_అమ్మాయి:
నాది జీసీసీ, విదేశీ కంపెనీ హైదరాబాద్ ఆఫీసు. ఇక్కడ జీతం బాగుంటుంది, కానీ ఒకే రకం కాంట్రాక్టులు ఏళ్ల తరబడి చూస్తూ ఉండిపోతాం, నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి. ప్రసూతి సెలవు నుంచి వచ్చేసరికి నా క్లయింట్లను వేరేవాళ్లకిచ్చేశారు, రేటింగ్ కూడా తగ్గించారు. ఊరుకోకుండా హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా పెట్టాను, రేటింగ్ సరిచేశారు. ఆ ఖాళీలోనే 2023 డేటా రక్షణ చట్టం పని నేను తీసుకుంటానని అడిగాను, అప్పటికి దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. ఇప్పుడు నలుగురి టీమ్‌ను నేనే నడుపుతున్నాను. మీ కంపెనీలో ఎవరూ పట్టించుకోని కొత్త చట్టం ఏదైనా ఉందేమో చూడండి. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, జీతంలో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అనే విభజన దగ్గరే హెచ్ఆర్‌కు బోలెడు సందేహాలు.

గచ్చిబౌలి_లాయర్:
అందరికీ థాంక్స్. మనసు కాస్త కుదుటపడింది. సోమవారం సేల్స్ రివ్యూలో కూర్చుంటానని కొత్త హెడ్‌ని అడిగాను, అతను వెంటనే సరే అన్నాడు, అతని మీద కోపం పెట్టుకోవడం నా తప్పేనేమో. అక్కా, ఆ ఒక్క పేజీ ఎలా ఉంటుందో నమూనా పంపగలరా?

ఫార్మా_లీగల్_అక్క:
మా కంపెనీ కాగితం పంపకూడదు తమ్ముడూ. ఖాళీ పట్టిక గీసి రేపు పెడతాను. ఈలోగా నువ్వు గత ఆరు నెలల కాంట్రాక్టులు తీసి, ఏది ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన సంతకమైంది రాసి పెట్టుకో.