ఒకే మార్కుల పత్రంతో కణజీవశాస్త్రాన్నీ మధ్యయుగ చర్చి గానాన్నీ తూచవచ్చా?

గాజుపలక
మా సంస్థలో ఒకే నిధికి మూడు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటిది, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకూ లాగే తంతువులను బతికున్న కణంలోనే గమనించడం. రెండోది, అందుకు పనికొచ్చే మైక్రోస్కోపు. వెలుగు ఎక్కువైతే కణం చచ్చిపోతుంది, తక్కువైతే ఏమీ కనబడదు. ఆ రెండింటి మధ్య దారి వెతకడమే వాళ్ళ పని. మూడోది పదో శతాబ్దపు చర్చి గాన రాతప్రతుల్లోని స్వరచిహ్నాలను పోల్చి చూడడం.

మార్కులు వేసిన అయిదుగురిలో నేనూ ఒకరిని. నాది కణజీవశాస్త్రం. పత్రంలో "సమాజానికి ప్రయోజనం" అని పదికి ఒక గడి ఉంది. మొదటి రెండింటికీ ఎనిమిదేసి, మూడోదానికి రెండు వేశాను. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నిజానికి ఆ ప్రతిపాదనలో సగం నాకు అర్థం కాలేదు. మూడింటికీ ఒకే పత్రం పెట్టడం సరైనదేనా?

ఖాతాపుస్తకం
మీరు వేసిన రెండు న్యాయమే. ప్రజల డబ్బు ఇస్తున్నప్పుడు ప్రజలకేమిటి అని అడగడం తప్పు కాదు. కణం అదుపు తప్పి ఎందుకు చీలుతుందో తెలిస్తే క్యాన్సర్‌కు దారి దొరకవచ్చు. వెయ్యేళ్ళ కిందటి సన్యాసులు ఏ స్వరం ఎంతసేపు పట్టుకున్నారో తెలిస్తే ఎవరికి ఏం దొరుకుతుంది? ఇష్టమున్నవాళ్ళు చదువుకోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. జీతం ఎవరివ్వాలన్నదే ప్రశ్న.

వక్రకిరణం
ప్రయోజనం ముందే చెప్పమంటే మా కాంతిశాస్త్రంలో సగం పుట్టేదే కాదు. జపాన్ శాస్త్రవేత్త ఒసాము షిమొమురా జెల్లీఫిష్‌లను బుట్టలకొద్దీ పట్టి, అవి ఎందుకు మెరుస్తాయో వెతికారు. ఆ పనిలోనే పక్కన తగిలిన ఆకుపచ్చ ప్రోటీన్ గురించి 1962లో రాశారు. అప్పుడు ఈ పత్రం ఇచ్చి ఉంటే ప్రయోజనం గడిలో ఆయన ఏం రాసేవారు? మూడు దశాబ్దాల తరువాత ఆ ప్రోటీన్ జన్యువును వేరే జీవుల్లోకి ఎక్కించి, కణం లోపలి భాగాలను వెలిగించి చూడడం మొదలైంది. 2008లో నోబెల్ వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను మైక్రోస్కోపు విడదీయలేదని 1873లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే తేల్చారు. సుమారు 200 నానోమీటర్లు. ఆ గోడను దాటింది ఇలాంటి మెరిసే అణువులను వెలిగించి ఆర్పే ఉపాయాలతోనే. దానికి 2014లో మరో నోబెల్. గాజుపలక గారు ఈ రోజు కణంలో చూస్తున్నదంతా ఆ జెల్లీఫిష్ పెట్టిన భిక్షే.

ఖాతాపుస్తకం
ఈ జెల్లీఫిష్ కథ లేకుండా ఇలాంటి వాదన ఒక్కటైనా విన్నానా అని ఆలోచిస్తున్నాను. లాటరీ తగిలినవాడి ఫొటో చూపించి టికెట్లు కొనమన్నట్లుంది. ఏ మెరుపూ ఇవ్వకుండా అటకెక్కిన పరిశోధనల ఫొటోలు కూడా పక్కన పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నాలుగు గీతలు
నేను పనిచేసేది ఈ గానం మీదే. ముందుగా ఒక మాట: ఖాతాపుస్తకం గారితో నేను ఏకీభవిస్తున్నాను. జెల్లీఫిష్ పేరు చెప్పి నాకు నిధి ఇప్పించవద్దు. నా పని ఏనాడో ఒక మందుగా మారుతుందని నేను చెప్పను, చెబితే అబద్ధం.

గాజుపలక గారికి అర్థం కాని సగం బహుశా ఇది. తొమ్మిది, పది శతాబ్దాల రాతప్రతుల్లో పదాల మీద చిన్న కొక్కేలు, చుక్కలు, వంకరలు ఉంటాయి. వాటిని న్యూమ్‌లు అంటారు. గొంతు పైకి పోవాలో కిందికి రావాలో అవి చెబుతాయి. ఎంత పైకో చాలావాటిలో చెప్పవు. ఎందుకంటే పాట అప్పటికే పాడేవాడి నోట ఉంది, గుర్తు చేయడానికి మాత్రమే ఆ గీతలు. పదకొండో శతాబ్దంలో గైడో ద అరెజ్జో అనే సన్యాసి గీతల మీద స్వరాలు నిలిపే పద్ధతిని స్థిరపరిచాడు. పదేళ్ళకూ పట్టుబడని విద్య ఏడాదిలో, మహా అయితే రెండేళ్ళలో వస్తుందని తానే చెప్పుకున్నాడు. గొప్ప సౌకర్యమే. అయితే స్వరస్థానం కచ్చితంగా దొరికిన ఆ గీతల మీదే, పాత కొక్కేలు చూపిన లయ చాలావరకు జారిపోయింది. ఆ నష్టాన్ని వెనక్కి తవ్వడమే మా పని.

"ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు" అనుకునేవారికి ఒక సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో చర్చిలో అధికారికంగా చెలామణీ అయిన పుస్తకం పాత రాగాలను కత్తిరించిన పదిహేడో శతాబ్దపు పాఠం మీద ఆధారపడింది. దాన్ని ముద్రించే హక్కు ముప్పై ఏళ్ళకు ఒకే జర్మన్ ముద్రణాలయానిది. ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠం సన్యాసులు దానితో మాటల యుద్ధానికి దిగలేదు. 1889 నుంచి రాతప్రతుల ఫొటోలు అచ్చువేయడం మొదలుపెట్టారు. ఒక్క పాటనే తీసుకుని, వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు శతాబ్దాల రాతప్రతులు రెండు వందలకు పైగా పక్కపక్కన పెట్టారు. రాగం వాటిలో మొత్తం మీద ఒకటే, కత్తిరించిన పాఠమే వేరు. 1903లో పదో పయస్ పోప్ పాత గానాన్ని తిరిగి నిలబెట్టమన్నాడు, తరువాత కొత్త అధికారిక పుస్తకం వచ్చింది.

మళ్ళీ ఆ సన్యాసులే లయ విషయంలో చెప్పిన సిద్ధాంతాన్ని తరువాతివాళ్ళు అదే ఫొటోలు చూపించి ప్రశ్నించారు. ఆధారం చూపడం, తప్పయితే దొరికిపోవడం మీ ప్రయోగశాలలోనే కాదు, ఇక్కడా ఉంది. ఆధారాల గడిలో, గానం తెలిసినవాళ్ళ చేత నాకు మార్కులు వేయించండి, కావాలంటే ఫెయిల్ చేయించండి. అభ్యంతరం లేదు.

వక్రకిరణం
ప్రయోజనం అనే మాటను మీరే అంత తేలిగ్గా వదిలేస్తే ఎలా? ఆర్కిమిడీస్ రచనలున్న రాతప్రతి ఉదాహరణ మా వాళ్ళు మరచిపోలేరు. తోలు మీది పాత సిరాను గీకేసి, 1229లో పైన ప్రార్థనలు రాశారు. వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగులో ఫొటోలు తీసి, కొన్ని పుటలకు ఎక్స్‌రేలు కూడా వాడి అడుగు రాత చదివారు. కాంతిశాస్త్రమూ మధ్యయుగ చదువూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. పదో శతాబ్దపు ఇంగ్లీషు వైద్య పుస్తకంలోని కంటిమందు సంగతీ అంతే. వెల్లుల్లి, ద్రాక్షసారా, ఎద్దు పిత్తం వగైరా కలిపి తొమ్మిది రోజులు ఉంచమని ఉంది. 2015లో నాటింగ్‌హామ్‌లో పాత ఇంగ్లీషు తెలిసినవారూ సూక్ష్మజీవ శాస్త్రవేత్తలూ కలిసి దాన్ని చేసి చూస్తే, మందులకు లొంగని స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాను ప్రయోగశాలలో చంపింది.

నాలుగు గీతలు
రెండూ మంచి పనులే. కానీ ఆ రాతప్రతి గురించి అందరూ ఎలా చెబుతారో గమనించారా? కింద ఆర్కిమిడీస్ నిధి, పైన ప్రార్థనలు అడ్డు. ఆ పుటలు ప్రార్థన పుస్తకమయ్యాయి కనుకనే ఇన్ని శతాబ్దాలు ఎవరో ఒకరు దాచుకున్నారు. నా భయం ఇదే. ఒకసారి వెల్లుల్లి మందుతో నన్ను సమర్థిస్తే, రేపు వెల్లుల్లి లేని పుటలకు నిధి ఉండదు. మా పుటల్లో చాలావాటిలో వెల్లుల్లి ఉండదు.

చదువరి
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేం? అత్యాధునిక మైక్రోస్కోపు ఒక్కటి కొనే డబ్బుతో రాతప్రతులు చదివే మనిషికి ఎన్నేళ్ళ జీతం వస్తుందో లెక్కేయండి. చిల్లర కోసం ఇంత గొడవా?

ఖాతాపుస్తకం
చిల్లర కూడా ఎవరిదో ఒకరిదే. అయినా నాలుగు గీతలు గారు నన్ను ఒక మెట్టు కదిలించారు, ఒప్పుకుంటాను. ఆధారాలతో నడిచే పని అని నాకు తెలియదు. కబుర్లనుకున్నాను. అయితే అసలు చిక్కు అలాగే ఉంది. గానాన్ని గానం తెలిసినవాళ్ళు, కణాన్ని కణం తెలిసినవాళ్ళు తూచాలంటారు. సరే. మరి నిధిలో గానానికి ఎంత, కణానికి ఎంత అని ముందు పంచేదెవరు? వాళ్ళు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు కదా. మీరు ప్రశ్నను తీసేయలేదు, పై అంతస్తుకు పంపారు.

నాలుగు గీతలు
అవును, పంపాను. అక్కడైనా అది విధాన నిర్ణయమని అందరికీ కనబడుతుంది. కింద అది పదికి రెండు అనే శాస్త్రీయ వేషంలో ఉంది.

గాజుపలక
నా ప్రతిపాదనకు న్యూమ్‌లు చదివే మనిషి పదికి రెండు వేస్తే నేనెలా రగిలిపోయేదాన్నో ఊహించుకున్నాను. ఈ ఉదయం కార్యాలయానికి రాశాను: మూడో ప్రతిపాదనకు ప్రయోజనం గడిలో నేను వేసిన మార్కు వెనక్కి తీసుకుంటున్నాను, ఆధారాలు, పద్ధతి గడుల్లో వేసినవి అలాగే ఉంచండి, ఆ రంగం తెలిసిన ఒకరి చేత చూపించండి అని.

ఖాతాపుస్తకం
గడి ఖాళీగా వదిలితే సున్నాగా లెక్కేస్తారేమో, ముందు అది కనుక్కోండి.

గాజుపలక
కనుక్కున్నాను. సున్నాగానే లెక్కేస్తారట. రెండు ఉన్నప్పుడే వాళ్ళకు మేలుగా ఉంది. మళ్ళీ రాస్తున్నాను.