ఈ వారం సమస్య: «కాగితమ్ము నమిలి కడుపు నిండె»

సంచాలకుడు (ఆదివారం, ఉదయం 11.40)

మిత్రులారా, ఈ వారం సమస్య ఇంట్లో కూర్చుని పుట్టింది కాదు, రోడ్డు మీద పుట్టింది. పొద్దున్నే రాజమండ్రి నుంచి బయల్దేరి రావులపాలెం వైపు వెళ్తున్నాం. టిఫినుకు ఆలస్యం, భోజనానికి తొందర అనిపించే పదిన్నర వేళ. పట్నం హోటళ్ళు ఇప్పుడు దీన్నే బ్రంచ్ అని బోర్డు కట్టి అమ్ముతున్నాయి. ఎక్కడో మలుపు తప్పాం. తప్పిన దారిలో రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక పెనం. ఉప్మా పెసరట్టు, దాని మీద అల్లం పచ్చడి. ఆ షెడ్డుకు పేరు లేదు. మళ్ళీ వెళ్ళాలన్నా అదే మలుపు తప్పాలి కాబోలు.

తిన్నాక అక్కడి పెద్దాయన «ఇంత దూరం వచ్చి ఆత్రేయపురం చూడకుండా పోతారా?» అన్నాడు. పోలేదు. అక్కడ తిన్న దాని పేరు చెబితే సమస్య విప్పేసినట్టే, అందుకని చెప్పను. ఆటవెలదిలో పూరించండి. నాలుగో పాదం ఇచ్చేశాను. పైన మూడు పాదాలు మీవి.

కాగితమ్ము నమిలి కడుపు నిండె

గురులఘువు

పూరణకు ముందు ఒక పేచీ. «నమిలి» అన్నది క్త్వార్థకం. నమిలినవాడూ, నిండినవాడూ ఒకడే కావాలి. ఇక్కడ నమిలింది మనిషి, నిండింది కడుపు. «నేను బస్సెక్కి వాన కురిసింది» అన్నట్టుంది. «నమలఁ గడుపు నిండె» అంటే ఏ గొడవా లేదు. «నమల» కూడా మూడు లఘువులే, గణం చెడదు. కడుపు గడుపైనా కా–గ యతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి పొత్తు) చెల్లుతుంది. నలభై ఏళ్ళు బళ్ళో ఎర్రసిరా వాడిన చెయ్యి, సమస్య ఇచ్చినవారిని కూడా వదలదు.

సంచాలకుడు

ఒప్పుకున్నాను మాస్టారూ. పెసరట్టు మత్తులో రాశాను. ఎలా రాసినా తీసుకుంటాం, «నమలఁ గడుపు» అన్నవారికి ఒక మార్కు ఎక్కువ.

గట్టు మీది కవి

మా ఊరి వైపు వచ్చి మాకే సమస్యా? ఇదిగో:

పలుచనైన రేకు పరచి చక్కెర జల్లి
నేయి పూసి మడచి నేర్పుతోడ
నవ్వ పెట్టె నాకు నాత్రేయపురమందు
కాగితమ్ము నమలఁ గడుపు నిండె

పూతరేకును చూసిన ప్రతి కొత్తవాడూ ముందు అడిగేది «కాగితం తీసేసి తినాలా?» అనే. మా ఇంటికి వచ్చిన బెంగుళూరు అల్లుడు నిజంగానే పొరలు విప్పబోయాడు.

తుంటరి

«నవ్వ పెట్టె» ఏమిటండీ? నవ్వు పెట్టిందా? నవ్వబెట్టిందా?

గట్టు మీది కవి

«నేర్పుతోడన్ + అవ్వ». ద్రుతం వచ్చి «నవ్వ» అయింది. అవ్వ బదులు అత్త అని పెడదామనుకున్నాను. అప్పుడు «నత్త పెట్టె» అవుతుంది. అత్త చదివితే నా గతేమిటని మానేశాను.

గురులఘువు

యతి సంగతి చూద్దాం. «నాకున్ + ఆత్రేయ» విడదీస్తే సంధిలో ఉన్న ఆ-కారానికి, ముందున్న అవ్వలోని అ-కారానికి మైత్రి. కలిపి చదివినా న–నా చెల్లుతుంది. «ఆత్రేయ» రెండు గురువులు, ఒక లఘువు. సూర్యగణాల (హ-గణం: గురువు, లఘువు; న-గణం: మూడు లఘువులు) చోట ఇరికించబోతే పాదం విరిగేది. నాలుగో గణంలో త-గణంగా కూర్చోబెట్టారు. ఊరిపేరుకు సరైన చోటు దొరికింది.

పేచీ ఛందస్సులో కాదు, వంటలో ఉంది నాయనా. చక్కెర ముందా, నెయ్యి ముందా?

గట్టు మీది కవి

పట్టేశారు. నెయ్యే ముందు. రేకు పరిచి, నెయ్యి రాసి, ఆ తడి మీద తీపి పొడి చల్లితేనే అంటుకుంటుంది. పద్యంలో వంట తారుమారైంది.

అసలు పని రేకు తీయడంలో ఉంది. బియ్యం నానబెట్టి రుబ్బి, పాలకన్నా కాస్త చిక్కగా జారు చేస్తారు. అడుగు నున్నగా ఉన్న కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. లోపల ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డను జారులో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి అలా లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. గుడ్డ రెండు క్షణాలు ఆగిందా, రేకు అట్టవుతుంది. ఒకసారి చూసి నేనూ ప్రయత్నించాను. మొదటి పది రేకులు కోళ్ళకు వేశాం.

దూరపు చుట్టం (డాలస్ నుంచి)

చక్కెర అనగానే మనసు చివుక్కుమంది. బెల్లం ఏమైంది? పోయిన ఏడాది మా తమ్ముడు పార్సెల్ పంపితే ఇక్కడికి చేరేసరికి డబ్బా నిండా పొడి. చెంచాతో తిన్నాం. అయినా ఎవరూ ఒక్క మాట అనలేదు.

గురులఘువు

చక్కెర, బెల్లము రెండూ భ-గణమే, ఒక గురువు, రెండు లఘువులు. పద్యంలో ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా గణం చెక్కు చెదరదు. నాలుక మీద మాత్రం ఈ సూత్రం పనిచేయదు. అసలు పద్యమే సరిచేద్దాం పట్టండి:

పలుచనైన రేకు పరచి నేతిని బూసి
బెల్లపు పొడి జల్లి పేర్మి మడచి
యవ్వ పెట్టె నాకు నాత్రేయపురమందు
కాగితమ్ము నమలఁ గడుపు నిండె

నెయ్యి ముందుకు వచ్చింది, బెల్లం దిగింది, బె–పే యతి కుదిరింది. «మడచి + అవ్వ» యడాగమంతో «యవ్వ» అయింది. ఇప్పుడు అత్తను పెట్టినా «యత్త» అవుతుంది, నత్త కాదు.

గట్టు మీది కవి

మా అత్తగారి తరఫున నమస్కారం మాస్టారూ.

తుంటరి

ఒక్క సందేహం. పూతరేకులతో కడుపు నిండాలంటే ఎన్ని తినాలి?

గట్టు మీది కవి

లెక్కపెట్టేవాళ్ళకు నిండదు. పోతే, 2023లో మా పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత చాక్లెట్ పూత, బిస్కెట్ పొడి పూత అని రకాలు ఎక్కువయ్యాయి. జీడిపప్పు వరకు సహిస్తాను. చాక్లెట్ వేసినదాన్ని ఇంకో పేరుతో పిలవండి, నాకు అభ్యంతరం లేదు.

అల్లం చట్నీ (హైదరాబాద్)

మా నగరం నుంచి ఒకటి. పోయిన నెల ఆఫీసువాళ్ళతో ఒక పెద్ద హోటల్లో ఆదివారం బ్రంచ్‌కు వెళ్ళాను. హోటల్ పేరు వద్దు. నలభై గిన్నెలు, నలభై మూతలు. ఏ మూత ఎత్తినా ఒకటే వాసన. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాను. మర్నాడు నల్లకుంటలో కరెంటు బిల్లు కట్టి వస్తుంటే ఒక సందు చివర జనం గుంపు కనబడింది. గొడవేమో అని తొంగిచూశాను. దోసె!

పెనము మీద దోసె పేపరు వలె సాగ
పల్లి పచ్చడేసి పక్కనుంచె
సందు చివరి బండి సందడి లోపల
కాగితమ్ము నమలఁ గడుపు నిండె

గురులఘువు

గణాలు, యతులు అన్నీ సరి. «పచ్చడి వేసి»ని «పచ్చడేసి» అనడం మాటల్లో ముద్దు, పద్యంలో మొద్దు. «పల్లి చట్ని వేసి» అనండి, మీ ఊరి మాటే అవుతుంది.

సంచాలకుడు

నా అభ్యంతరం వేరు. మొదటి పాదంలోనే «పేపరు» అనేశారు. నాలుగో పాదంలో కాగితం నమిలాడని వింటే శ్రోత ఉలిక్కిపడాలి, ఆ తర్వాత ఓహో అనుకోవాలి. మీరు ముందే ఓహో అనిపించి తర్వాత ఉలిక్కిపడమంటున్నారు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఇలాంటి పూరణకు నవ్వి ఊరుకుంటాడు, చప్పట్లు కొట్టడు.

అల్లం చట్నీ

నిజమే. ఇలా మార్చాను:

పెనము మీద పిండి పెనుచంద్రుడై పార
పల్లి చట్ని వేసి పక్కనుంచె

కింది రెండు పాదాలు అవే.

సంచాలకుడు

«పెనుచంద్రుడై పార»! గరిటె తిరగడం కళ్ళకు కట్టింది. ఇక పేపర్ దోసె అని ఎవరికి వారే తెలుసుకుంటారు. బండి ఎక్కడో సరిగ్గా చెప్పండి, వస్తాను.

అల్లం చట్నీ

చెప్పను. ఇప్పటికే ఇరవై నిమిషాలు నిలబడాల్సి వస్తోంది.

తుంటరి

అందరూ మనుషుల టిఫినే రాస్తున్నారు. మా వీధిలో నిన్న జరిగింది ఇది:

గోడ మీది టిఫిను కొట్టు పోస్టరు జూచి
ఆకలాగలేక యయ్యొ మేక
పీకి లాగి చింపి పెసరట్టు బొమ్మున్న
కాగితమ్ము నమలఁ గడుపు నిండె

గురులఘువు

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. «టిఫిను» మూడు లఘువులుగా ఇమిడింది. గో–కొ, ఆ–య, పీ–పె, మూడు యతులూ బాగున్నాయి. «ఆకలి + ఆగలేక» ఇత్వసంధి, వైకల్పికం కాబట్టి తప్పు కాదు. అన్నిటికన్నా నాకు నచ్చిందేమంటే, సమస్యలోని కాగితం చివరిదాకా కాగితంగానే ఉంది. మిగతావారు కాగితాన్ని తిండిగా మార్చారు. ఇక్కడ తిండే కాగితం మీది బొమ్మయింది.

కొత్త కలం

అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పద్యం, తిట్టకండి.

వానలో మిరపకాయ బజ్జి పొట్లం విప్పి
తెలియకుండఁ దినితి తీరికగను
నూనె పీల్చినట్టి నున్నని వార్తల
కాగితమ్ము నమిలి కడుపు నిండె

గుంటూరులో వాన పడుతుంటే బండి పక్కన చీకట్లో తిన్నాను. చివరి బజ్జీ సాగుతోందేమిటా అనుకున్నాను. సినిమా పేజీ.

గురులఘువు

తిట్టేదేముంది నాయనా. మూడో పాదం చూసి, ఇది మొదటి పద్యమంటే నమ్మలేకపోయాను. «వార్తల కాగితమ్ము» మంచి మాట. మొదటి పాదం ఒక్కటే జారింది. వేలు మడిచి లెక్కపెట్టు: «వాన» సరే, «లో మి» సరే, «రపకా» దగ్గర రెండు లఘువులూ గురువూ వచ్చాయి. అక్కడ సూర్యగణం ఉండాలి, అంటే హ-గణమో న-గణమో. మిరపకాయను వదిలేసెయ్, బజ్జీ అంటే గుంటూరులో ఇంకేముంటుంది?

వాన పడుచు నుండ బజ్జి పొట్లము విప్పి

వ–బ లకు అభేదయతి చెల్లుతుంది. «పొట్లం» కూడా «పొట్లము»గా నిలబడింది.

దూరపు చుట్టం

పద్యం బాగుంది గాని తమ్ముడూ, వార్తాపత్రికల్లో పొట్లం కట్టించుకోకు. అచ్చుసిరా వేడినూనెకు కరిగి తిండిలోకి దిగుతుంది. అలా కట్టొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2023లో కూడా చెప్పింది. విస్తరాకు ముక్క అడుగు, ఇస్తారు.

కొత్త కలం

సరే అక్కా. అయినా ఆ రుచి విస్తరాకులో రాదేమో.

దూరపు చుట్టం

నాదీ ఒకటి. ఇది ఇప్పటి సంగతి కాదు, ఫోన్లు లేని రోజుల్లో విశాఖ హాస్టల్‌ది.

అమ్మ వ్రాసి పంపె నరిసెలు జేసిన
కబురు, తీపి యందె కలిసి యుండె
హాస్టలందు రాత్రి యాకలి వేళలో
కాగితమ్ము నమలఁ గడుపు నిండె

అరిసెలు రాలేదు. ఉత్తరం వచ్చింది. పాకం ఏ వేలికి ఎలా సాగిందో, చెల్లి ఎన్ని దొంగిలించిందో, నా వాటా ఏ డబ్బాలో దాచిందో అన్నీ రాసింది అమ్మ. గదిలో నలుగురం ఉండేవాళ్ళం. పైకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు.

గట్టు మీది కవి

అరిసెలకే ఇలా అయితే, మా అవ్వ పూతరేకుల మీద ఉత్తరం రాసి ఉంటే…

గురులఘువు

«అమ్మ వ్రాసి» దగ్గర కొత్తవారికి అనుమానం రావచ్చు. «వ్రా» సంయుక్తం కాబట్టి ముందున్న «మ్మ» గురువవుతుందా? కాదు. వేర్వేరు తెలుగు పదాలు, ఊది పలకం. లఘువే. «పంపెన్ + అరిసెలు»లో స్వరయతి. హా–యా కూడా సరి.

ఇంతకంటే చెప్పడానికి ఎర్రసిరా లేదు.

సంచాలకుడు (బుధవారం, రాత్రి)

తీర్పు చెప్పమంటున్నారు. నవ్వుకు మేక. ఉత్సాహానికి కొత్త కలం. మాస్టారి మరమ్మతు తర్వాత గట్టు మీది కవి పద్యం వంటపుస్తకంలో కూడా పెట్టొచ్చు. చంద్రుణ్ణి పెనం మీద పోసిన అల్లం చట్నీ గారి సందు ఇంకా వెతుకుతూనే ఉన్నాను. నల్లకుంటలో మూడు సందులు అయ్యాయి. రెండు చోట్ల దోసె మామూలుగా ఉంది, మూడో చోట బండి లేదు గాని ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ దొరికాయి. నష్టమేమీ లేదు.

ఈ వారం మొదటి స్థానం దూరపు చుట్టం గారిది. మిగతా పద్యాల్లో మనం ఒక చోటికి వెళ్ళి తిన్నాం. ఆవిడ పద్యంలో ఆ చోటే కవరులో వచ్చింది. ఒక్క చిన్న మాట: రెండో పాదంలో «యందె» పూరకంలా ఉంది, ఇంకోసారి చూడండి.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

ఇడ్లి చొక్క తొడిగి యెదుట నిలిచె

తుంటరి

చొక్కాకు దీర్ఘం ఏమైందండీ?

సంచాలకుడు

ఎండాకాలం కదా, పొట్టి చేతులు కుట్టించాం. సూచన కూడా అదే.

గట్టు మీది కవి

పొట్టి అన్నారు. నాకు పనసాకులు కనబడుతున్నాయి. ఆదివారం పొద్దున్నే అంబాజీపేటలో ఉంటాను, పద్యం అక్కడి నుంచే పంపుతాను.