గొబ్బి పాట సగమే గుర్తుంది, పల్లవి ఏదో చెప్పండి

పాకాల జంక్షన్:
చంద్రగిరి పక్క పల్లెల్లో సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతా చప్పట్లు కొట్టి పాడేది. విని ఇరవై ఏళ్ళు దాటింది. మిగిలిన ముక్కలు ఇవే: ‘కొండ గొడుగుగా గోవుల గాచిన’, ‘ఆనాడు కంసుని యిడుమల బెట్టిన’, మధ్యలో ఎక్కడో ‘తామర పువ్వంటి తమ్ముణ్ణియ్యవే’. ‘గొబ్బిళ్ళో’ అని వెతికితే కుప్పలుగా వస్తున్నాయి గానీ ఇది దొరకలేదు.

రాగిరేకు:
రెండు పాటలు అతుక్కున్నాయన్నా. కొండ గొడుగు, కంసుడు ఉన్నది అన్నమయ్యది. పల్లవి ‘కొలని దోపరికి గొబ్బిళ్ళో’. కొలని దగ్గర గోపికల చీరలు దోచినవాడని అర్థం. కీర్తనల పట్టికలు పల్లవి మొదటి మాటతో అకారాదిగా ఉంటాయి. మీ చేతిలో ఉన్నవి చరణాలు, అందుకే దొరకలేదు. ఇంక ‘గొబ్బిళ్ళో’ అనేది సువ్వి, లాలి లాగా పాటల జాతి పేరు. దాంతో వెతికితే జాతంతా వచ్చి మీద పడుతుంది. ‘యిడుమల’ లాంటి అరుదైన మాట పట్టుకోండి.

‘ఆనాడు’ మాత్రం తప్పు. ఆ చరణంలో పాదాల మొదళ్ళు చూడండి: పాప విధుల, కోపగానికిని, గోప బాలునికి. రెండో అక్షరం ‘ప’, ప్రాస. ‘ఆనాడు’ అక్కడ ఇమడదు. అసలు మాట ‘యేపున’, అంటే విజృంభించి. అర్థం కాని పాతమాటను నోళ్ళు ఇట్లే తెలిసిన మాటగా మార్చేస్తాయి. కొండ గొడుగు చరణానికి ప్రాస ‘ండ’: కొండ, కొండుక, దుండగంపు, గుండు. మరిచిపోయిన పాదం వెతుక్కోడానికి ఇంతకంటే మంచి కొక్కెం లేదు.

పీలేరు బస్సు:
తమ్ముడి ముక్క సుబ్బి గొబ్బెమ్మ పాటది. అక్కడ ప్రాస పనిచేయదు, మొదటి అక్షరం చూసుకోవాల: చేమంతికి చెల్లెలు, తామరకు తమ్ముడు, మొగలికి మొగుడు. ఇది నోటి పాట, ఊరికో వరస. అన్నమయ్య పాఠం దిద్దినట్టు దీన్ని దిద్దొద్దు, విన్నది విన్నట్టే రాసిపెట్టుకోండి.

పాకాల జంక్షన్:
పల్లవి అదే! కానీ కచేరీల్లో వినిపించే బాణీ ఇది కాదే?

రాగిరేకు:
బాణీని సాక్ష్యంగా తీసుకోవద్దు. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుందే గానీ స్వరం లేదు. ఇప్పుడు వినేవి చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి.

ఊళ్ళో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మాటలు అడిగితే రెండు పాదాలకే ఆగిపోతారు. చప్పట్లతో తిప్పుతా పాడించండి, కాలు కదిలితే తర్వాతి పాదం దానంతటదే నోటికొస్తుంది. ఫోను నేలమీద పెట్టొద్దు, చప్పట్లలో మాటలు మునిగిపోతాయి. పాడేవాళ్ళ నోటి ఎత్తులో ఎవరైనా పట్టుకోవాల. మధ్యలో తప్పు దిద్దితే పాట తెగిపోతుంది. ముఖ్యంగా ఆఖరి చరణం దాకా పాడించండి. ‘వేంకటగిరిపై కొండలయ్యకును’ అని వస్తే అది అన్నమయ్య ముద్ర, అంటే పాట చివర కవి పెట్టే గుర్తు, ఇంక అనుమానం అక్కర్లేదు.