రీ: సుపీరియర్‌లో బోటు అద్దెకి తీసుకుంటున్నాం, ఎవరైనా వెళ్లారా?

తమ్ముడూ, నీ మెయిల్ సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి చదివాను. పన్నెండేళ్లు అమెరికాలో, ఆ సుపీరియర్ సరస్సు ఒడ్డునే ఉన్న డులూత్‌లో ఉండి ఇంటికొచ్చేశాను గానీ ఈ మెయిల్ లిస్టు మాత్రం వదల్లేదు. "వశిష్ఠ ఈదినవాణ్ణి, నాకు లైఫ్ జాకెట్ ఎందుకండీ" అని రాశావు చూడు, నేనూ అదే ధీమాతో వెళ్లినవాణ్ణే.

మొదటి ఏడాది జూన్‌లో బోటుకి తాడు కట్టబోయి డాక్ మీంచి జారి పడ్డాను. గట్టు రెండు బారల దూరం, అంతే. జూన్‌లో కూడా ఆ నీళ్లు మంచులా ఉంటాయి, పడగానే ఊపిరి నన్నడక్కుండా గుప్పున లోపలికి పోయింది, ఆ క్షణంలో తల నీళ్లపైన ఉంది కాబట్టి సరిపోయింది. బయటికి లాగాక తడి చొక్కా విప్పుదామంటే బొత్తాం పట్టుకోవడానికి వేళ్లు వంగవే! మా ఆవిడ విప్పింది. మన గోదాట్లో అలిసిపోయాక మునుగుతాం, అక్కడ చలి మనం అలిసేదాకా ఆగదు. చల్లటి నీళ్లలో పడితే లెక్క 1-10-1 అని అక్కడివాళ్లు చెబుతారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. ఆ పది నిమిషాల తర్వాత నీ ఈత ఎందుకూ పనికిరాదు, నిన్ను తేల్చి ఉంచేది జాకెట్టే. సీటు కింద పెట్టుకుంటే లాభం లేదు, నీళ్లలో పడ్డాక తొడుక్కోలేవు.

ఇంజన్ ఆపే తాడు ఒకటి ఉంటుంది, బోటు నడిపేవాడు ఒంటికి తగిలించుకోవాలి. 26 అడుగుల లోపు బోట్లకి 2021 నుంచి అక్కడ చట్టం కూడా ఉంది. నువ్వు పడిపోయి బోటు నీ వాళ్లతో ముందుకెళ్లిపోతే ఎలా ఉంటుందో ఊహించుకో.

పెద్ద చెరువులే అనుకోకు. పొడవే దాదాపు 560 కిలోమీటర్లు, లోతు ఒకచోట 406 మీటర్లు. ఈశాన్యం గాలి ఆ పొడవంతా తోసుకొచ్చిందంటే కెరటాలు పొట్టిగా, నిట్టనిలువుగా, ఒకదాని వెనకొకటి దగ్గరదగ్గరగా వస్తాయి, అంతర్వేది దగ్గర సముద్రం కంటే చిన్న బోటుని ఎక్కువ కుదిపేస్తాయి. నువ్వు చూడాలంటున్న, ఆ సరస్సులోనే ఉన్న అపోసల్ దీవుల గుహల దగ్గర ఇంకో తిరకాసు: కెరటం రాతిగోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి ఎదురొచ్చే కెరటంతో కలుస్తుంది. గాలి ఉంటే దూరం నుంచే ఫొటో తీసుకో. ముందురోజు రాత్రీ, బయల్దేరేటప్పుడూ తీరం దగ్గరి వాతావరణ సూచన రెండుసార్లూ చూడు, చిన్న బోట్లకి హెచ్చరిక ఉంటే ఆ రోజు పులిహోర ఒడ్డునే తినండి.

పెట్రోలు మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకూడదు. ఎదురుగాలిలో తిరిగొచ్చేటప్పుడు ఎంత తాగుతుందో ఆ దేవుడికే తెలుసు. ఫోన్‌ని నమ్ముకోకు, దీవుల మధ్య సిగ్నల్ పోతుంది. బోట్లలో మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో అడిగి తీసుకో, 16వ ఛానల్‌లో పిలిస్తే కోస్ట్ గార్డ్ వింటుంది. ఎండాకాలంలో కూడా పొగమంచు ఒక్కసారిగా కమ్మేస్తుంది కాబట్టి దిక్సూచి, జీపీఎస్ రెండూ ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి రాకపోతే ఫోన్ చెయ్యాలో ఒడ్డున ఒకరికి కాగితం మీద రాసిచ్చి వెళ్లు.

ఏడుగురం అన్నావు. బోటు మీద ఎంతమంది, ఎంత బరువు అని చిన్న పలక ఉంటుంది. అది రాజోలు ఆటో కాదు, సర్దుకుందాం అంటే కుదరదు.

పంటు వచ్చింది, మిగతాది రాత్రికి.

---

అన్నయ్య గారు చెప్పింది నిజమండి. పిల్లల జాకెట్ల సంగతి నేను చెబుతాను. పదమూడేళ్ల లోపు వాళ్లు బోటు కదిలాక వేసుకునే ఉండాలని చట్టం. పెద్దవాళ్ల సైజు ఇస్తే తీసుకోకండి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి, చెవులదాకా జారి వచ్చిందంటే పెద్దదైనట్టే. కుదిరితే జూన్ మానేసి ఆగస్టుకి పెట్టుకోండి, పైనీళ్లు కాస్త నయంగా ఉంటాయి. మా దగ్గర పిల్లలవి రెండున్నాయి, కావాలంటే పంపిస్తాను.