చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడం పూర్తిగా ఆపేయాలా?

గోదారిగట్టు

మా అమ్మకు 63 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. నాలుగు నెలలుగా వీధి చివరి మందుల షాపులో రెండేసి, మూడేసి మాత్రలు కొనుక్కుని వేసుకుంటోందని ఇంట్లో ఎవరికీ తెలియదు. దీపావళికి ముందు ఒకరోజు మలం తారులా నల్లగా వస్తోందని చెప్పింది. వాడుతున్న ఐరన్ మాత్రల వల్లేమో అనుకున్నాం. మర్నాడు పెరట్లో కళ్లు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ 6.2కు దిగిపోయింది. ఎండోస్కోపీ చేస్తే కడుపులో రక్తం కారుతున్న పుండు బయటపడింది.

ఏ మాత్రలు వాడారని డాక్టరు అడిగితే అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. కత్తెరతో కత్తిరించిన రేకు ముక్క, అందులో రెండు మాత్రలు. వెనక మిగిలినవి పేరులోని చివరి అక్షరాలు, 'నాక్' అని. డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో దాన్నిబట్టి ఎవరూ చెప్పలేకపోయారు. మోతాదు లేదు, గడువు తేదీ లేదు, చీటీ మీదే అమ్మాల్సిన మందుకు ఉండే ఎర్ర గీత లేదు.

డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని రేకు మీదే అచ్చు వేసి ఉంటుంది. ఆ మాటకు విలువ లేనప్పుడు అచ్చు వేయడం ఎందుకు? చీటీ చూపించకపోతే ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదన్నది నా వాదన. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

కౌంటర్ వెనక నుంచి

అమ్మగారు కోలుకోవాలని కోరుకుంటున్నాను. పల్లెటూళ్లో 19 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ని. మీరు తిట్టిన కత్తెర నా బల్ల మీద కూడా ఉంది. దాచను.

నాట్ల రోజుల్లో సాయంత్రం ఆరు దాటాక మా షాపు ముందు నిలబడి చూడండి. పొద్దంతా బురదలో నడుము వంచిన ఆడవాళ్లు వస్తారు. ఆరోగ్య కేంద్రం అప్పటికి మూసేసి ఉంటుంది. చీటీ కోసం మర్నాడు పట్నం వెళితే ఆ రోజు కూలి పోతుంది. నేను ఇవ్వనంటే వాళ్లు ఇంటికి పోరు, రెండు వీధుల అవతల ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. సూదిలోనూ అదే డైక్లోఫెనాక్. పైగా "సూది కడుపులోకి పోదు కదా, పుండు పడదు" అన్న నమ్మకం ఒకటి. ప్రోస్టాగ్లాండిన్లని ఒంట్లోనే తయారయ్యే పదార్థాలుంటాయి. నొప్పిని, వాపును పెంచే అవే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. మందు రక్తంలో కలిశాక అన్నిచోట్లా వాటి తయారీని తగ్గిస్తుంది. నోటి ద్వారా పోయిందా, పిరుదు ద్వారా పోయిందా అన్న తేడా దానికి లేదు.

అమ్మకం ఆపితే నొప్పి ఆగదు. ముందు దీనికి జవాబు చెప్పండి.

ఎర్రమట్టి

చీటీ ఉంటే చాలు అనుకుంటున్న గోదారిగట్టు గారికి మా నాన్న సంగతి చెప్పాలి.

ఆయనకు బీపీ. టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కలిసిన మందు వాడతారు. నడుం పట్టేసిందని ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. నొప్పి మాత్ర పది రోజులకు రాశారు, తోడుగా పరగడుపున గ్యాస్ మాత్ర. ఇంకేం మందులు వాడుతున్నారని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. ఎండాకాలం, మధ్యలో రెండు రోజులు విరేచనాలు. తొమ్మిదో రోజుకు మూత్రం తగ్గిపోయి కాళ్లు వాచాయి. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో 1.1 ఉండే క్రియాటినిన్ 3.4 అయింది.

కిడ్నీల డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వడపోత జరిగే చోటికి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండినే. నొప్పి మాత్ర ఆ నాళాన్ని బిగిస్తుంది. బయటికి పోయే నాళాన్ని బీపీ మాత్ర వదులు చేస్తుంది. మూత్రం మాత్ర, విరేచనాలు కలిసి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఇక లోపల ఒత్తిడి ఎక్కడిది? ఏ మాత్రా విడిగా తప్పు చేయలేదు, మూడూ ఒకచోట కలిశాయి. గ్యాస్ మాత్ర ఉంది కదా అని మేం నిశ్చింతగా ఉన్నాం. అది కడుపును కాపాడుతుందే గాని కిడ్నీని కాదు.

మాత్ర ఆపి సెలైన్ పెడితే మూడు వారాల్లో సర్దుకుంది. మా దగ్గర చీటీ ఉందండీ, ముద్రతో సహా.

పొద్దుపొడుపు

ఈ చర్చ చదువుతుంటే నాకు భయం వేస్తోంది, మాత్ర గురించి కాదు. నాకు 31 ఏళ్లు, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయే జబ్బు. దీనికి వ్యాయామంతో పాటు మొదట ఇచ్చే మందు ఈ నొప్పి మాత్రలే. ఆరేళ్లుగా నాప్రాక్సెన్ వాడుతున్నాను.

"రోజూ మింగితే కిడ్నీలు పోతాయి" అని పెళ్లిళ్లలో, చావుల్లో, ఎదురుపడిన ప్రతిచోటా చెప్పారు. ఒకసారి భయపడి మూడు నెలలు మానేశాను. తెల్లవారుజామున మంచం మీద పక్కకు తిరగడానికి మా ఆయన్ని లేపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆరు నెలలకోసారి బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకుంటూ వాడుతున్నాను. ఈ మాత్రను విషమనకండి. మీ మాటలు చదివి మాలాంటివాళ్లు మానేస్తారు.

నల్లరేగడి

కడుపుకు భద్రమైన కొత్త రకం మాత్రలు ఉన్నాయి కదా, ఎటోరికాక్సిబ్ లాంటివి. అందరూ అవే వాడితే ఈ గొడవ తీరదా?

ఎర్రమట్టి

తీరదు. ఆ జాతిలోనే రోఫెకాక్సిబ్ అని ఒకటి వచ్చింది, కడుపుకు మేలనే పేరుతోనే అమ్ముడుపోయింది. గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువవుతున్నాయని తేలాక 2004లో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఎటోరికాక్సిబ్ కూడా బీపీ పెంచుతుంది. గుండె జబ్బున్నవాళ్లకు కూడదు. కిడ్నీ విషయంలో పాత మాత్రలకూ దానికీ తేడా లేదు.

పాలపిట్ట

అమ్మకం ఆపాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఇదే డైక్లోఫెనాక్ గురించి మన దేశంలో జరిగిన ఇంకో కథ ఉంది. పశువులకు ఈ మందు వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. అయినా వాడకం ఆగలేదు, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు తెచ్చి పశువులకు వేశారు. చివరికి 2015లో మనుషుల సూది మందు 3 మిల్లీలీటర్ల సీసాలోనే రావాలని నిబంధన పెట్టారు. ఆవుకు వేయాలంటే అలాంటివి ఎన్ని పగలగొట్టాలి!

నిషేధం చేయలేని పనిని సీసా సైజుకు అప్పగించారు. మాత్రలకూ అలాగే ఆలోచించాలి. ప్రతి మాత్ర వెనకా పేరు, మోతాదు, గడువు విడివిడిగా అచ్చు వేయాలి. అప్పుడు ఎక్కడ కత్తిరించినా కొంగు ముడిలోకి పేరు వెళుతుంది. తెలుగులో వేస్తే మరీ మంచిది.

గోదారిగట్టు

పాలపిట్ట గారి మాట నచ్చింది. ఆ పేరు ఉండి ఉంటే మొదటి నెలలోనే మా తమ్ముడు చూసేవాడు. పొద్దుపొడుపు అక్కా, మీరు మానవద్దు. మీకు పరీక్షలు చేసి చూసేవాళ్లున్నారు, మా అమ్మకు లేకపోయారు, నేను అడుగుతున్నది ఆ తేడా గురించే. కౌంటర్ అన్నా, మీ కూలీల కష్టం కాదనను. కానీ మీరు ఏమీ అడగకుండా ఇస్తున్నారా?

కౌంటర్ వెనక నుంచి

రద్దీలో అడగని రోజులున్నాయి. అడిగే రోజుల్లో ఇవి అడుగుతాను: బీపీకి, షుగరుకు, గుండెకు, రక్తం పలచబడడానికి ఏమైనా వాడుతున్నారా? కడుపులో పుండు పడిందా, మలం నల్లగా వచ్చిందా? కడుపుతో ఉన్నారా? జ్వరం ఉందా? వానాకాలంలో జ్వరంతో ఒళ్లు నొప్పులంటే డెంగీ కావచ్చు. అప్పుడు ఈ మాత్రలు వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, పారాసెటమాలే ఇస్తాను. ఒక్క మోకాలే అయితే రాసుకునే జెల్ ఇస్తాను. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మాత్ర ఇచ్చినా రెండు రోజులకు మించి ఇవ్వను, తిన్నాకే వేసుకోమంటాను.

కత్తిరించిన ముక్కను ఇక కవర్లో వేసి, మాత్ర పేరు, తేదీ నా చేత్తో రాసి ఇస్తాను. ఇది ఒప్పుకుంటున్నాను.

గోదారిగట్టు

అరవై దాటినవాళ్లకు మాత్రం రెండు రోజులకైనా చీటీ లేకుండా ఇవ్వకండి. అక్కడ నేను తగ్గను.

కౌంటర్ వెనక నుంచి

వాళ్లకు చీటీ తెచ్చుకునేదాకా పారాసెటమాల్, జెల్ ఇస్తాను. ఆర్‌ఎంపీ సూదిని మాత్రం నేను ఆపలేను, అది మీరు ఊరి పెద్దలతో మాట్లాడాలి.